పన్నీరు ద్రాక్షకు ఆ వాసన నేల ఇచ్చిందా, జన్యువు ఇచ్చిందా?

పుదుచ్చేరి పట్టణంలోని కోసపాళయంలో పండ్ల బండి మీద సాధారణంగా రెండు రకాల ద్రాక్ష పక్కపక్కనే కనిపిస్తుంది. ఒకటి పొడుగ్గా, పచ్చగా, గింజలేకుండా ఉండే రకం. రెండోది నలుపు కలిసిన ఊదా రంగులో, కాస్త చిన్నగా, గింజలతో, మందపు తొక్కతో ఉంటుంది. గుత్తిలో అన్ని పండ్లకూ రంగు సమానంగా తిరిగి ఉండదు. చూపుకు మొదటిదే అందం. అయినా రెండోదాన్ని వెతుక్కుంటూ వచ్చే కొనుగోలుదారులు ఉన్నారు. పండు కొరికిన క్షణంలో నోటిలోనూ ముక్కులోనూ ఒకేసారి గుప్పుమనే గులాబీ వాసనే అందుకు కారణం. తమిళంలో దానిని పన్నీర్ ద్రాక్ష అంటారు. పెళ్లి పందిట్లో అతిథుల మీద చిలకరించే పన్నీరు తెలుగువారికీ పరిచితమే కనుక ఆ పేరును అనువదించవలసిన పని లేదు. హోటలు భోజనానికి అలవాటు పడిన నేటి తరం మాత్రం పాలవిరుగుడు పనీర్‌కూ దీనికీ సంబంధం ఏమిటని అడుగుతోంది. ఏ సంబంధమూ లేదు.

ఈ ద్రాక్షలో అధిక భాగం తమిళనాడులోని తేని జిల్లా కంబం లోయ నుంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద చెరువుకు పేరుపడిన కంబం వేరు, పశ్చిమ కనుమల పాదాన ఉన్న ఈ కంబం వేరు. నాయకరాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ లోయలోనూ గణనీయంగా ఉన్నాయి. 2023లో ‘కంబం పన్నీర్ ద్రాక్ష’కు భౌగోళిక గుర్తింపు లభించింది. కంబం లోయలో పండినది తప్ప మరే ద్రాక్షా ఆ పేరుతో అమ్ముడుపోకూడదన్నది ఆ గుర్తింపు సారాంశం.

ఆసక్తికరమైన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉంది. నమోదు కార్యాలయం చెన్నైలో ఉంది. ఒక వస్తువు నాణ్యత గానీ, ప్రతిష్ఠ గానీ, మరే ఇతర లక్షణం గానీ ప్రధానంగా దాని భౌగోళిక మూలం వల్ల కలిగినదై ఉండాలని ఆ చట్టం కోరుతుంది. పుదుచ్చేరికే చెందిన విల్లియనూరు మట్టిబొమ్మల విషయంలో ఈ నిబంధనను అర్థం చేసుకోవడం తేలిక. మట్టి అక్కడిది, చేయి అక్కడిది. ద్రాక్ష విషయంలో అంత తేలిక కాదు. పన్నీరు వాసన లోయ మట్టిలో ఉందా, పెరియార్ నీటిలో ఉందా, లేక కొమ్మ ఎక్కడ నాటితే అక్కడికి దానితోపాటు వెళ్లిపోతుందా?

ఆ కొమ్మ నిజంగానే చాలా చోట్లకు వెళ్లింది. వృక్షశాస్త్రం ప్రకారం కంబం పన్నీర్ ద్రాక్ష అంటే మస్కట్ హాంబర్గ్ అనే రకం. దక్షిణ ఫ్రాన్సులో వాంటూ పర్వతం చుట్టుపక్కల ఇదే రకాన్ని బల్లమీది పండుగా పండిస్తారు. ‘మస్కట్ డు వాంటూ’ పేరుతో దానికి 1997లోనే ఫ్రెంచి ప్రభుత్వం మూలస్థాన గుర్తింపు ఇచ్చింది. అంటే ఒకే రకం, ఒకే వాసన, రెండు ఖండాల్లో రెండు గుర్తింపులు. ఒకటి భూమధ్యరేఖకు పది డిగ్రీల లోపు, మరొకటి నలభై నాలుగు డిగ్రీల అక్షాంశం దగ్గర. ఆ వాసన తమ నేల వరమేనని రెండు ప్రాంతాలూ చెప్పుకుంటున్నాయి.

నేలకూ రుచికీ ఉన్న ఈ అనుబంధాన్ని ఫ్రెంచివారు ‘తెర్వార్’ అంటారు. నేల, వాలు, గాలి, ఎండ, వాన, వాటితోపాటు ఆ ఊరి సాగు అలవాట్లు అన్నీ ఆ ఒక్క మాటలో ఇముడుతాయి. మూలస్థాన గుర్తింపులను పర్యవేక్షించే జాతీయ సంస్థను ఫ్రాన్సు 1935లో ఏర్పాటు చేసింది. అప్పటికి పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలోనే ఉంది. నేడు ప్రపంచమంతటా భౌగోళిక గుర్తింపు చట్టాల వెనుక ఉన్న ఆలోచనకు ఫ్రెంచి వైన్ చట్టాలు ఒక ముఖ్యమైన పునాది.

మస్కట్ హాంబర్గ్ పుట్టుక మాత్రం ఫ్రాన్సులోనూ కాదు, జర్మనీలోని హాంబర్గ్‌లోనూ కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో, రెస్ట్ పార్క్ ఎస్టేటు తోటమాలి సీవర్డ్ స్నో అద్దాల గదిలో పెంచిన మొక్క ఇది. తల్లిదండ్రుల్లో ఒకటి ‘బ్లాక్ హాంబర్గ్’ అని ఆంగ్లేయులు పిలిచే స్కియావా గ్రోసా. ఇది ఆల్ప్స్ ప్రాంతపు నల్ల ద్రాక్ష, చెప్పుకోదగ్గ వాసన లేనిది. రెండోది మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా, మధ్యధరా తీరపు తెల్ల ద్రాక్ష, ఘాటైన పరిమళం దాని సొత్తు. ఈ సంబంధాన్ని ఇటీవలి దశాబ్దాల్లో డీఎన్ఏ పరీక్షలు నిర్ధారించాయి. పన్నీర్ ద్రాక్షను 1832లో ఒక ఫ్రెంచి మతబోధకుడు తమిళనాడుకు తెచ్చాడన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. గుర్తింపు వార్తల్లోనూ అదే సంవత్సరం కనిపించింది. రకం ఇంగ్లండులో వెలుగు చూసిన కాలంతో పోల్చితే ఆ సంవత్సరం పొసగదు. మతబోధకుడు తెచ్చినది మరో మస్కట్ అయి ఉండాలి, లేదా ఈ రకం కొన్ని దశాబ్దాలు ఆలస్యంగా వచ్చి ఉండాలి. మస్కట్ కుటుంబంలో పేర్లు, రంగులు, ఊళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం కొత్త కాదు.

ఇక వాసన సంగతి. పన్నీర్ ద్రాక్షలో గుప్పుమనేది ఒకే పదార్థం కాదు. మోనోటెర్పీన్లు అనే చిన్న అణువుల కూటమి అది. వాటిలో ముఖ్యమైనవి లినలూల్, జెరానియోల్, నెరోల్. ఇవేవీ ద్రాక్షకు మాత్రమే సొంతమైనవి కావు. ధనియాలు వేయించినప్పుడు వచ్చే సుగంధంలో ప్రధాన పాత్ర లినలూల్‌ది. మల్లెలోనూ అది ఉంటుంది. జెరానియోల్, నెరోల్ గులాబీ అత్తరులో ఉంటాయి. కాబట్టి ఈ పండుకు పన్నీరు అని పేరు పెట్టినవారు ఉపమానం చెప్పలేదు, ఉన్నమాటే చెప్పారు. గులాబీలోని అణువులే పండులోనూ ఉన్నాయని వారి ముక్కు రసాయన శాస్త్రం కంటే ముందే కనిపెట్టింది. లీటరు నీటిలో సుమారు 6 మైక్రోగ్రాముల లినలూల్ కలిపినా మనిషి ముక్కు పసిగట్టగలదు.

ఈ అణువుల్లో చాలా భాగం తొక్కలోనూ, తొక్కను అంటిపెట్టుకున్న గుజ్జులోనూ ఉంటుంది. అందులోనూ స్వేచ్ఛగా ఉండి ముక్కుకు తగిలేది కొంతే. మిగిలినది చక్కెర అణువుతో జతకట్టి, వాసన లేకుండా నిద్రాణంగా ఉంటుంది. రసాన్ని పులియబెట్టినప్పుడు పండులోనివీ ఈస్టులోనివీ అయిన ఎంజైములు ఆ జంటను కొంతమేర విడదీస్తాయి. కాలం, ఆమ్లత్వం మిగతా పని చేస్తాయి. వైన్ తయారీదారుకు పండు వాసన ఒక్కటే ప్రమాణం కాకపోవడానికి కారణం ఇదే. అతడు పండులో దాగి ఉన్నదాన్ని కూడా లెక్కవేసుకోవాలి. పండుగా తినేవారికి పైకి తేలినదే దక్కుతుంది.

మొక్క ఈ టెర్పీన్లను తయారుచేసే దారిలో తొలి మెట్టు డీఎక్స్ఎస్ అనే ఎంజైము. కణంలోని ప్లాస్టిడ్లలో అది పనిచేస్తుంది. కుళాయి తిప్పితే నీరు వచ్చినట్టు, ఆ ఎంజైము ఎంత చురుగ్గా ఉంటే దిగువకు అంత ముడిసరుకు చేరుతుంది. ద్రాక్ష 5వ క్రోమోజోము మీద ఉన్న జన్యువు ఒకటి ఈ ఎంజైమును నిర్దేశిస్తుంది. ఫ్రెంచి, ఇటాలియన్ శాస్త్రజ్ఞులు 2007లో ద్రాక్ష జన్యుపటాన్ని వెలువరించిన తర్వాత ఈ అన్వేషణ వేగం పుంజుకుంది. 2010 నాటికి ఉత్తర ఇటలీ పరిశోధకులు వందకు పైగా రకాల ద్రాక్షలను పోల్చి చూసి ఒక విశేషం గమనించారు. మస్కట్ వాసన ఉన్న రకాల్లో ఈ ఎంజైము గొలుసులోని 284వ స్థానంలో లైసిన్‌కు బదులు ఆస్పరజిన్ ఉంది. వేల అక్షరాల పుస్తకంలో ఒక అక్షరం మారినంత మార్పు అది. ఆ ఒక్క మార్పుతో ఎంజైము సామర్థ్యం పెరుగుతుందని, మారిన జన్యువును పొగాకు మొక్కలో ప్రవేశపెడితే అందులోనూ మోనోటెర్పీన్లు పెరుగుతాయని ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఈ మార్పు ఒక్క ప్రతిలో ఉన్నా చాలు, వాసన బయటపడుతుంది. వాసనలేని స్కియావా గ్రోసా సంతానమైన మస్కట్ హాంబర్గ్ గులాబీలా గుబాళించడానికి కారణం రెండో వైపు నుంచి వచ్చిన ఆ ఒక్క ప్రతే. మరింత వింత ఏమిటంటే, మస్కట్ వంశానికి చెందని గెవుర్ట్స్‌ట్రామినర్ అనే పరిమళ ద్రాక్షలోనూ మార్పు ఇదే జన్యువులో, కొద్ది దూరంలో, 306వ స్థానంలో జరిగింది. ప్రకృతి రెండు వేర్వేరు సందర్భాల్లో తిప్పిన కుళాయి ఒక్కటే.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. హైదరాబాదు పేరు చెబితే పాతతరానికి గుర్తుకొచ్చే ద్రాక్ష అనబ్-ఎ-షాహీ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దానిని హైదరాబాదులో ప్రవేశపెట్టారని ఉద్యాన చరిత్ర చెబుతుంది. మేడ్చల్, శంషాబాద్ పరిసరాల్లో పందిళ్ల నిండా వేలాడిన ఆ పెద్ద పెద్ద గుత్తులు, నగరం విస్తరించి తోటల స్థానంలో లేఅవుట్లు వచ్చేదాకా, దక్షిణ భారతపు పండ్ల మార్కెట్లను ఏలాయి. రసం పుష్కలం, దిగుబడి అమోఘం, వాసన మాత్రం నామమాత్రం. ఏ నేలలో నాటినా అంతే. బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ అనబ్-ఎ-షాహీని ‘క్వీన్ ఆఫ్ వైన్‌యార్డ్స్’ అనే మస్కట్ వాసన గల రకంతో సంకరపరిచింది. అలా వచ్చిన ‘అర్క సోమ’కు మస్కట్ పరిమళం ఉంది, తెల్ల వైన్‌కు అది పనికివస్తుంది. ఎండ అదే, ఎర్రమట్టి అదే, మారినది తండ్రి. దక్కన్ నేల అనబ్-ఎ-షాహీకి ఇవ్వని వాసనను తర్వాతి తరానికి ఒక జన్యువు ఇచ్చింది.

పక్కనే మరో సాక్ష్యం బెంగళూరు బ్లూ. దీనికి తీయటి, ఘాటైన, కొంచెం జిగురు మిఠాయిని తలపించే వాసన ఉంటుంది. ఇది మస్కట్ వాసన కాదు. అమెరికా అడవి ద్రాక్ష రక్తం కలిసిన జాతి కావడం వల్ల దానికి మిథైల్ ఆంత్రనిలేట్ అనే వేరే అణువు దక్కింది. ఆ అణువును తయారుచేసే ఎంజైమును 2005లో అమెరికా రకమైన కాంకర్డ్ ద్రాక్షలో గుర్తించారు. యూరప్ వైన్ సంప్రదాయం ఈ వాసనను చిన్నచూపు చూస్తుంది. ద్రాక్ష రసం, జామ్ చేసేవారికి మాత్రం ఇదే అసలైన ద్రాక్ష వాసన. అభిరుచికి జన్యువు లేదు కాబట్టి ఆ తగవును అలాగే వదిలేయవచ్చు.

ఇంతవరకు చూస్తే తీర్పు జన్యువు వైపే మొగ్గినట్టు కనిపిస్తుంది. పైగా ద్రాక్షను గింజ నాటి పెంచరు, కొమ్మ కత్తిరించి నాటుతారు. కాబట్టి కంబంలోని తీగ, వాంటూలోని తీగ ఒక విధంగా ఒకే మొక్క. కొమ్మల్లో అరుదుగా తలెత్తే మార్పులను మినహాయిస్తే జన్యువుల్లో తేడా లేదు. అలాంటప్పుడు నేలకు మిగిలిన పాత్ర ఏమిటి?

ఇటలీలోని వెరోనా ప్రాంతంలో జరిగిన ఒక అధ్యయనం దీనికి చక్కటి జవాబు ఇచ్చింది. కొర్వీనా అనే నల్ల ద్రాక్షలో ఒకే కొమ్మ సంతతిని 11 తోటల్లో మూడు వరుస సంవత్సరాలు పరిశీలించి, పండ్లలో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో లెక్కవేశారు. 2013లో ఫలితాలు వెలువడ్డాయి. అధిక శాతం జన్యువులు చోటు మారినా తీరు మార్చుకోలేదు. సుమారు 5 శాతం మాత్రం పరిసరాలను బట్టి హెచ్చుతగ్గులు చూపాయి. రంగు, వాసన, వగరు వంటి వాటిని తయారుచేసే జన్యువులు చుట్టుపక్కల మార్పులకు ఎక్కువగా స్పందించాయి. అంతకంటే ముఖ్యం, పండ్ల తీరు తోటను బట్టి కంటే ఏడాదిని బట్టి ఎక్కువగా కలిసిపోయింది. నేల మహిమను కొనియాడేవారు కాస్త ఆగి ఆలోచించవలసిన ఫలితం ఇది. మట్టి ఏటా అదే, మారేది వాతావరణం.

టెర్పీన్ల మీద పరిసరాల ప్రభావం చాలావరకు వెలుతురు, వేడిమి అనే రెండు దారుల్లో పనిచేస్తుంది. ద్రాక్షకాయ రంగు తిరగడం మొదలైన తర్వాతే లినలూల్ వంటివి పండులో వేగంగా చేరతాయి. ఆ వారాల్లో గుత్తికి ఓ మోస్తరు వెలుతురు తగిలితే వాసన పెరుగుతుంది. దట్టమైన ఆకు నీడలో ముసుగేసినట్టు ఉండిపోతే తగ్గుతుంది. మస్కట్ గుత్తులను నీడలో ఉంచి చేసిన ప్రయోగాల్లో ఇది పలుమార్లు రుజువైంది. వెలుతురు మితిమీరి వేడిగా మారితే కథ తిరగబడుతుంది. ఎండలో కాలిన పండులో తేలికపాటి అణువులు ఆవిరవుతాయి, కొన్ని రూపం మార్చుకుంటాయి. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఉన్న చోట్లకు పరిమళ ద్రాక్షలో పేరు రావడం యాదృచ్ఛికం కాదు.

అణువును బట్టి ఈ లెక్క మారుతుంది. అదే ఈ శాస్త్రంలో ఆసక్తికరమైన భాగం. కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షలో పచ్చి క్యాప్సికం వాసన ఇచ్చే మిథాక్సీపైరజీన్ అనే పదార్థం ఉంటుంది. లీటరు నీటిలో 2 నానోగ్రాములు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఇది పిందె దశలో పోగుపడి, పండే కొద్దీ తగ్గుతుంది. వెలుతురు, వేడిమి దీనిని అణచివేస్తాయి. చల్లని దేశాల వైన్‌లో అది దోషమై కూర్చుంటే, వేడి ప్రాంతాల్లో అసలు కనిపించకుండా పోవచ్చు. రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షలో దీనికి విరుద్ధం. ఎండ, వేడి పెరిగిన కొద్దీ పాతబడిన వైన్‌లో కిరోసిన్‌ను తలపించే వాసన హెచ్చుతుంది. షిరాజ్ ద్రాక్ష సంగతి ఇంకా వింత. దాని వైన్‌లో మిరియాల ఘాటు ఉంటుందని రుచి చూసేవారు చాలాకాలంగా చెప్పేవారు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దానికి కారణమైన రొటండోన్ అనే అణువును పట్టుకున్నారు. అది మిరియాల్లోనూ ఉంది, మిరియాల వాసనకు మూలం అక్కడా అదే. ఆ ప్రయోగంలో పాల్గొన్న వారిలో ఐదో వంతు మందికి ఆ వాసన ఎంత మోతాదులో ఇచ్చినా తెలియలేదు. అంటే జన్యువుల ఆట పండులోనే కాదు, పండు తినేవారి ముక్కులోనూ సాగుతుంది. విక్టోరియా రాష్ట్రంలోని ఒకే తోటలో చల్లటి నీడ వాలున ఉన్న తీగల్లో రొటండోన్ ఎక్కువగా, ఎండ తగిలే వైపున తక్కువగా ఉన్నట్టు తర్వాత కొలిచారు. అదే కొమ్మ సంతతి, అదే యజమాని, కొన్ని వందల అడుగుల తేడా.

కాబట్టి జన్యువు ఏ వాసన వస్తుందో నిర్ణయిస్తుంది, ఎంత వస్తుందన్నది చాలావరకు పరిసరాలు నిర్ణయిస్తాయి. మస్కట్ జన్యువు లేని పండులో ఏ లోయ గాలీ పన్నీరు పుట్టించలేదు. ఆ జన్యువు ఉన్న పండును మాత్రం ఒక ఊరు గుబాళింపజేయగలదు, మరో ఊరు చప్పబరచగలదు.

కంబం లోయకు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒకే పంట. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట తీగకు ఆ నిద్ర లేదు. రైతు కత్తెర ఎప్పుడు పెడితే అప్పుడు చిగురు, దాని వెంట పూత, కాయ. కంబంలో పక్కపక్క పొలాల్లో ఒకచోట పూత, ఒకచోట పండు కనిపించడం మామూలు. అందుకే అక్కడ దాదాపు ఏడాది పొడవునా కోత ఉంటుంది. భారతదేశంలోని ఇతర ద్రాక్ష ప్రాంతాల్లో ఇది సాధ్యం కాదు. మహారాష్ట్రలో వేసవి ముందరి కొన్ని నెలలే సీజను. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట పడమటికి పారే నీటిని కొండ తొలిచి ఈ లోయకు మళ్లించింది. అది లేకపోతే ఈ పచ్చదనం ఉండేది కాదు.

ఏడాది పొడవునా కోత అన్నది గుర్తింపు పత్రంలో గొప్పగా కనిపించే లక్షణం. వాసన దృష్టితో చూస్తే అదే చిక్కు కూడా. ఎండాకాలం పండిన గుత్తి, ఈశాన్య రుతుపవనాల మబ్బుల కింద పండిన గుత్తి ఒకే తీగవైనా ఒకేలా ఉండవు. వాన పండులో నీరు నింపుతుంది, తొక్క పగులుతుంది, మబ్బు వెలుతురును తగ్గిస్తుంది. వెరోనాలో మూడు ఏళ్ల మధ్య కనిపించిన తేడా లాంటిది కంబంలో ఒకే ఏడాదిలో రెండు పంటల మధ్య కనిపించడానికి ఆస్కారం ఉంది. పైగా ఇక్కడ సాగు పందిరి మీద. పందిరి గుత్తిని మండుటెండ నుంచి కాపాడుతుంది, ఆకు దట్టమైతే చీకటిలోనూ పెడుతుంది. గుత్తుల చుట్టూ కొన్ని ఆకులు తుంచితే వెలుతురు తగులుతుంది, ఎక్కువ తుంచితే పండు కాలుతుంది. ఎన్ని ఆకులన్నది ఊరి అనుభవం చెప్పవలసిన మాట. తెర్వార్ అనే మాటలో మనిషి చేయి కూడా ఉందని ఫ్రెంచివారు అన్నది దీని గురించే.

ఈ చేతికి తగిన ప్రతిఫలం అందడం లేదన్నది అసలు సమస్య. మార్కెట్టులో ద్రాక్షకు ధర బరువును, రంగును, నిల్వ ఉండే గుణాన్ని బట్టి పలుకుతుంది. వాసనకు తక్కెడ లేదు. పన్నీర్ ద్రాక్షలో రంగు ముందు వస్తుంది, పరిమళం కాస్త వెనుకగా నిండుతుంది. ధర బాగున్న రోజున రంగు తిరిగీ తిరగకముందే కోసిన గుత్తి అటు తీపికీ ఇటు వాసనకూ మధ్య ఆగిపోతుంది. కోసిన తర్వాత ద్రాక్ష పండదు. మామిడికాయలా గడ్డిలో మగ్గబెట్టే వీలు లేదు. తీగ మీద ఎంత చేరిందో అంతే. దిగుబడి కోసం తీగ మీద మోయలేనన్ని గుత్తులు ఉంచినా ఫలితం ఇలాగే ఉంటుంది.

భౌగోళిక గుర్తింపు ఇక్కడ ఏ మేరకు ఉపయోగపడుతుంది? చట్టం పేరును మాత్రమే కాపాడుతుంది, రకాన్ని కాదు. మస్కట్ హాంబర్గ్‌ను ఎవరైనా ఎక్కడైనా పండించవచ్చు, కంబం పేరు మాత్రం పెట్టకూడదు. వాంటూ రైతులు తమ గుర్తింపును కాపాడుకునే పద్ధతి వేరుగా ఉంటుంది. పండులో చక్కెర కనీస స్థాయి, గుత్తి రంగు, పరిమాణం వంటి షరతులు నెరవేరితేనే ఆ పేరు వాడనిస్తారు. లేనిది ఆ పేరు లేకుండా అమ్ముకోవాలి. అంటే అక్కడ పేరు వెనుక ఊరు ఒక్కటే కాదు, పండు పక్వత కూడా ఉంది. జన్యువు ఇచ్చిన వాసనకు ఊరు ఏం జోడించిందో నిరూపించేది చివరికి ఆ పక్వతే. కంబం పేరు పెట్టుకున్న అట్టపెట్టెలో తొందరపాటు కోత చేరితే, అదే కొమ్మ మరో జిల్లాలో నిదానంగా పండి దానికంటే మెరుగ్గా గుబాళించే అవకాశం ఉంది.

వేడెక్కుతున్న వాతావరణం ఈ లెక్కలో కొత్త అంకె. రాత్రులు వెచ్చబడితే పండులో చక్కెర త్వరగా చేరుతుంది, రంగు వెనుకబడుతుంది, పరిమళం తగ్గుతుంది. యూరప్ తోటలవారు కోత తేదీలను ముందుకు జరుపుతున్నారు, కొండ వాలు మీదకు తోటలను ఎక్కిస్తున్నారు. కంబం రైతుకు కొండ మీదకు వెళ్లే వీలు లేదు, అక్కడ అడవి ఉంది. అతని చేతిలో ఉన్నది మరొకటి. చలిదేశపు రైతుకు లేని కత్తెర స్వేచ్ఛ అతనికి ఉంది. పండు రంగు తిరిగే వారాలు ఏ నెలలో రావాలో కొంతమేర అతనే ఎంచుకోగలడు. పుష్య, మాఘ మాసాల్లో కనుమల మీద నుంచి చల్లగాలి దిగే రాత్రులకు గుత్తి పక్వానికి వచ్చేలా కత్తిరింపు తేదీని కూర్చుకుంటే, ఆ పంట మిగతా పంటల కంటే వాసనలో ముందుంటుందని ఆశించవచ్చు. ఆ నెలల పంటకు వేరే ధర ఇచ్చే కొనుగోలుదారు ఉంటే, రైతు అలా కూర్చుకుంటాడు.